గని పొర నుండి ఇటుక బట్టీ దాకా: బొగ్గు నాణ్యత మారే తీరు

బీదర్ జిల్లాలోని కుశనూర్ వంటి సరిహద్దు గ్రామాలలో బొగ్గు గనిని చూసినవారు అరుదు. బట్టీ దగ్గర లారీ దింపిన నల్లని కుప్పనో, కొలిమి పక్కన పోసిన నాలుగు ముక్కలనో చూసినవారే ఎక్కువ. అయినప్పటికీ నేలబొగ్గు ప్రతి ఇంటికీ ఏదో ఒక రూపంలో చేరుతూనే ఉన్నది. దీపపు వెలుగులో, సిమెంటు బస్తాలో, కాల్చిన ఇటుకలో దాని వంతు ఉన్నది. కట్టెను కాల్చి చేసే బొగ్గుతో కలగాపులగం కాకుండా పెద్దలు దీనిని రాక్షసి బొగ్గు అని పిలిచేవారు.

ఒకే గని నుండి వచ్చిన బొగ్గు ఒకచోట మేలురకమనీ, మరొకచోట నాసిరకమనీ అనిపించుకోవడం ఈ వ్యాపారంలో నిత్యం జరిగేదే. పొరలో ఉన్నప్పుడు దానికి ఒక నాణ్యత, గని ఒడ్డుకు వచ్చేసరికి మరొకటి, రైలు పెట్టెలో వేరొకటి, కర్మాగారపు మిల్లులో ఇంకొకటి. ఈ తేడాలలో కొన్ని బొగ్గులో నిజంగా జరిగిన మార్పుల వలన వచ్చినవి. మరికొన్ని కొలిచే పద్ధతి వలన కనబడేవి. ఏది ఏదో విడదీసి చూడగలిగితే గాని, ఎక్కడ నష్టం జరిగిందో, ఆ నష్టాన్ని ఎవరు మోస్తున్నారో అర్థం కాదు.

మంజీర వెంట పోతే దొరికే బొగ్గు

కర్ణాటక రాష్ట్రంలో బొగ్గు నిక్షేపాలు లేవు. బీదర్ నేల కింద ఉన్నది దక్కను లావా గడ్డకట్టిన నల్లరాయి. దాని పైభాగం కాలక్రమేణ మారి ఎర్రని లాటరైటు రాయి అయింది. బీదర్ కోట గోడలలో కనిపించేది ఆ ఎర్రరాయే. ఈ లావా పారినది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం. బొగ్గు పుట్టిన కాలం అంతకంటే చాలా పాతది, 25 కోట్ల సంవత్సరాలకు పైమాటే.

అయితే ఈ జిల్లా గుండా పారే మంజీర ఉత్తరంగా తిరిగి నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుండి గోదావరి వెంట దిగువకు పోతే మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం, ఇల్లందు ప్రాంతాలలో సింగరేణి గనులు వరుసగా వస్తాయి. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1870ల ఆరంభంలో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించారు. అక్కడి ముఖ్యమైన పొర ఒకదానికి ఆయన పేరు మీదనే కింగ్ సీమ్ అని పేరు వచ్చింది. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందగా, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920లో సంస్థ పేరు సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. 1956 వరకు బీదర్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే కనుక, ఆ కాలంలో సింగరేణి బొగ్గు ఈ ప్రాంతానికి సొంత రాష్ట్రపు బొగ్గు. ఇప్పుడు సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నది. 2023-24లో ఉత్పత్తి సుమారు 7 కోట్ల టన్నులు.

పొరలో ఉన్న బొగ్గు

బొగ్గును నాలుగు భాగాలుగా చూస్తారు: తేమ, వేడికి ఆవిరిగా పోయే పదార్థం, స్థిర కార్బన్, బూడిద. మొదటిది వేడిని తినేది, చివరిది వేడినివ్వకుండా మిగిలేది. నడుమనున్న రెండే మండేవి. కనుక బూడిద, తేమ ఎంత తక్కువైతే బొగ్గు అంత మేలు.

గోదావరి లోయలోని బొగ్గు గోండ్వానా జాతిది. దీనిలో గంధకం తక్కువ, అది మంచి గుణం. బూడిద ఎక్కువ, అది చెడ్డ గుణం. ఎందుకు ఎక్కువో తెలియాలంటే బొగ్గు పుట్టుకను చూడాలి. ప్రాచీన కాలపు వృక్షాలు నిలిచినచోటనే కుళ్ళి బొగ్గు కాలేదని, చాలావరకు నీటిలో కొట్టుకొని వచ్చి ఒండ్రుమట్టితోబాటు పల్లంలో పేరుకొన్నాయని భూగర్భ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చెరువు అడుగున ఆకు, మన్ను కలసి పేరుకొన్నట్లే అనుకోవచ్చు. ఆ మన్ను బొగ్గు రేణువులలో సన్నగా కలసిపోయింది. పిండిలో కలసిన ఇసుకను జల్లించవచ్చునేమో గాని, పిండితోబాటు విసిరిన ఇసుకను వేరు చేయలేము. దీనిని సహజ బూడిద అంటారు. ఏ యంత్రమూ దీనిని పూర్తిగా తీయలేదు.

రెండవది పొరల నడుమ ఉండే రాతిపట్టీ. బొగ్గు పొర అడుగు నుండి పైదాకా ఒక్క తీరుగా ఉండదు. కొన్ని అడుగుల బొగ్గు తరువాత జానెడు బంకరాయి, మళ్ళీ బొగ్గు, మళ్ళీ షేల్ రాయి. ఈ పట్టీలు బొగ్గుకు బయటివి. తవ్వేవాడు శ్రద్ధ వహిస్తే వదలివేయగలడు, వహించకపోతే బొగ్గులో కలసి ఒడ్డుకు వస్తాయి. నాణ్యత కథ అంతా ఇక్కడే మలుపు తిరుగుతుంది.

తవ్వకంలో జరిగేది

పాతకాలపు భూగర్భ గనిలో, అనగా తెలంగాణలో జనం చెప్పే బొగ్గుబాయిలో, కార్మికుడు పొరలోకే దిగి బొగ్గును మాత్రమే తీసేవాడు. పైకప్పు రాయి రాలితే చేతితో ఏరి పక్కన వేయడం సాధ్యమయ్యేది. 1970ల నడుమ నుండి సింగరేణిలో ఓపెన్‌కాస్టు గనులు వచ్చాయి. పైనున్న మట్టిని, రాతిని మొత్తం ఎత్తివేసి పెద్ద పారలతో బొగ్గును తోడే పద్ధతి ఇది. నేడు ఉత్పత్తిలో అత్యధిక భాగం ఇటువంటి గనులదే. ఉత్పత్తి పెరిగింది, మనిషి ప్రాణానికి అపాయం తగ్గింది. నాణ్యత విషయంలో మాత్రం చిక్కు వచ్చింది. ఎన్నో టన్నులు ఒక్కసారి ఎత్తే పారకు జానెడు రాతిపట్టీ కనబడదు.

ఎంత తేడా వస్తుందో ఒక లెక్కలో చూద్దాము. పొరలోని బొగ్గులో బూడిద 30 శాతం అనుకొందాము. 90 టన్నుల అటువంటి బొగ్గులో కాల్చితే 80 శాతం బూడిదగా మిగిలే రాయి 10 టన్నులు కలసిందనుకొందాము. బొగ్గు నుండి 27 టన్నులు, రాయి నుండి 8 టన్నులు, మొత్తం 100 టన్నులకు 35 టన్నుల బూడిద. పది పాళ్ళలో ఒక పాలు రాయి కలిస్తే బూడిద అయిదు శాతం పెరిగింది. బొగ్గు మారలేదు, దాని తోడు మారింది.

ఈ అయిదు శాతం ధర మీద ఎలా పడేదో పాత గ్రేడు పద్ధతి స్పష్టంగా చూపేది. 2011 చివరి వరకు మన దేశంలో విద్యుత్తుకు వాడే బొగ్గును ఎ నుండి జి దాకా ఏడు తరగతులుగా విభజించేవారు. బూడిద, తేమల శాతాలను కూడి, 138తో గుణించి, 8900 నుండి తీసివేస్తే వచ్చేదే ఉపయోగపు ఉష్ణ విలువ. పై ఉదాహరణలో తేమ 6 శాతంగా నిలకడగా ఉన్నదనుకొంటే, మొదట కూడిక 36, విలువ 3932. రాయి కలసిన తరువాత కూడిక 41, విలువ 3242. మొదటిది ఇ గ్రేడు, రెండవది ఎఫ్ గ్రేడు. 3360 అనే గీతకు పైన ఉన్న సరుకు కిందికి జారింది.

2012 జనవరి 1 నుండి ఈ పద్ధతి మారి, కిలో బొగ్గు మొత్తంగా ఇచ్చే వేడిని బట్టి జి-1 నుండి జి-17 దాకా పదిహేడు మెట్లు వచ్చాయి. కిలోకు 7000 కిలో కేలరీలకు మించినది జి-1. అక్కడి నుండి మూడేసి వందల మెట్టుగా దిగుతూ 2201 నుండి 2500 వరకు ఉన్నది జి-17. మెట్లు చిన్నవి అయినందున కొద్దిపాటి కల్తీకి కూడా గ్రేడు జారుతుంది. దీనిపై గని సంస్థలు గొణిగినప్పటికీ, కొనేవారికి ఇదే మేలైన పద్ధతి అని చెప్పాలి.

పేల్చకుండా పొరను సన్నసన్నగా చెక్కుతూ పోయే సర్ఫేస్ మైనర్ యంత్రాలు వచ్చిన గనులలో రాతిపట్టీని విడిగా తీయడం మళ్ళీ సాధ్యమైంది. నాణ్యతను నిలపడానికి తవ్వకం దగ్గర పెట్టే ఖర్చు, తరువాత కడగడానికి పెట్టే ఖర్చుకన్నా చవక.

ఒక గ్రాము తీర్పు

గని నుండి వచ్చిన బొగ్గును నలగ్గొట్టి, బంకర్లలో నింపి, రైలు పెట్టెలలోకి పోస్తారు. ఇక్కడ మరొక మార్పు జరుగుతుంది. ధాన్యం రాశి పోసినప్పుడు గట్టి గింజ జారి అంచుకు చేరి, తప్ప, పొల్లు వేరుగా పడినట్లే, బొగ్గు కుప్పలో కూడా పెద్ద ముక్కలు అంచుకు దొర్లుతాయి, చూర్ణం నడుమ నిలుస్తుంది. పెద్ద ముక్కల బూడిద ఒకటి, చూర్ణపు బూడిద మరొకటి. కనుక కుప్ప ఒక్కటే అయినా ఎక్కడ చేయి పెడితే అక్కడి లెక్క వస్తుంది. పెట్టె పైభాగం నుండి నాలుగు దోసిళ్ళు తీసి ఇదే నాణ్యత అనడం అన్యాయం.

సరైన పద్ధతి వేరు. కుప్ప అంతటి నుండి చోటు చోటున కొంత తీయాలి. తీసినదాన్ని నలగ్గొట్టి, గోపురంలా పోసి, చదును చేసి, నాలుగు భాగాలుగా కోసి, ఎదురెదురు రెండు భాగాలను ఉంచి తక్కినవి పారవేయాలి. మళ్ళీ నలగ్గొట్టి మళ్ళీ అదే చేయాలి. చివరకు ముఖానికి రాసే పౌడరంత మెత్తని పొడి ప్రయోగశాలకు పోతుంది. అక్కడ సుమారు ఒక గ్రాము తూచి 108 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఆరబెట్టి తేమను, మరొక గ్రాము 815 డిగ్రీల దగ్గర కాల్చి బూడిదను కొలుస్తారు. వేడిని బాంబ్ కెలోరిమీటరు అనే ఉక్కు పాత్రలో ప్రాణవాయువు నింపి కాల్చి తెలుసుకొంటారు. ఒక్క గూడ్సు రైలులో సుమారు 4000 టన్నుల బొగ్గు వస్తుంది. దాని ధరను తేల్చేది ఈ గ్రాము. సంతలో ఎడ్ల బేరానికి పళ్ళు చూసేవారు కూడా రెండుసార్లు చూస్తారు. నమూనా తీసే చేతిని నమ్మలేకనే గని వారికి, విద్యుత్ సంస్థలకు ఏళ్ళ తరబడి తగవులు నడిచాయి. గత పదేళ్ళలో ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల, ఇంధన పరిశోధన సంస్థ వంటి మూడవ పక్షం చేత నమూనాలు తీయించే పద్ధతి వచ్చింది. తగవులు తగ్గాయి గాని తీరలేదు.

తీరకపోవడానికి ఒక కారణం తేమ. గ్రేడును నిర్ణయించేటప్పుడు బొగ్గును 40 డిగ్రీల వేడి, 60 శాతం గాలి తేమ ఉన్న స్థితికి తెచ్చి కొలుస్తారు. ప్రతివారికి ఒకే కొలబద్ద ఉండాలని అలా చేస్తారు. బాయిలరులోకి పోయే బొగ్గు మాత్రం వానకు తడిసి, దుమ్ము లేవకుండా చల్లిన నీటితో కలసి ఉంటుంది. ఉదాహరణకు 6 శాతం తేమ దగ్గర 4400 కిలో కేలరీలు ఉన్న బొగ్గు జి-10 కిందికి వస్తుంది. అదే బొగ్గు 12 శాతం తేమతో దిగితే, దిగిన స్థితిలో కిలోకు 4119 కిలో కేలరీలే ఉంటాయి. రాయి ఒక్కటి కలవలేదు, ఎవరూ మోసం చేయలేదు, కాని అంకె జి-11 మెట్టు మీద ఉన్నది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి మధ్యలో సగం దోచారని అనడం సులభం. ముందు రెండూ ఒకే స్థితిలో కొలిచినవా అని అడగాలి. ఒకే స్థితికి తెచ్చిన తరువాత కూడా తేడా మిగిలితే అప్పుడది నిజమైన నష్టం.

నిజమైన నష్టం నిల్వలోనూ కలుగుతుంది. కుప్పగా పోసిన బొగ్గు గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని లోలోపల వేడెక్కుతుంది. తడి గడ్డివామి ఆవిరి కక్కినట్లే ఇదీను. వేడి బయటకు పోయే దారి లేకపోతే కుప్ప తనంత తానుగా అంటుకొంటుంది. అంటుకొనకపోయినా వారాల తరబడి నిలిచిన బొగ్గు కొంత వేడిని ఊరకనే పోగొట్టుకొంటుంది. అందువలన యార్డులలో కుప్పను యంత్రంతో తొక్కి గాలి చొరకుండా చేస్తారు, ముందు వచ్చినదాన్ని ముందు వాడుతారు.

కడగడం, కట్టడి

బూడిద తగ్గించడానికి బొగ్గును కడిగే కర్మాగారాలు ఉన్నాయి. బరువైన ద్రవంలో బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది. అయితే గోండ్వానా బొగ్గులో ఎన్నో ముక్కలు బొగ్గూ కాక, రాయీ కాక నడుమ బరువులో ఉంటాయి. వాటితోబాటు మంచి బొగ్గు కూడా కొంత మునిగిపోతుంది. కడిగిన ప్రతిసారీ ఒక చోట నాణ్యత పెరిగితే మరొక చోట పారవేసే గుట్ట పెరుగుతుంది.

1997లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక కట్టడి చేసింది. గనికి వెయ్యి కిలోమీటర్లకు మించిన దూరంలోని విద్యుత్ కేంద్రాలు 34 శాతానికి మించిన బూడిద ఉన్న బొగ్గును వాడరాదన్నది దాని సారాంశం. అది 2001లో అమలుకు వచ్చింది. 2014లో ఆ దూరాన్ని దశలవారీగా 500 కిలోమీటర్లకు తగ్గించారు. 2020 మే నెలలో కట్టడిని తొలగించి, బూడిదను విద్యుత్ కేంద్రం దగ్గరనే సరిగా పట్టి వాడితే చాలునన్నారు. దూరపు కేంద్రానికి బొగ్గుతోబాటు రాయిని కూడా రైలు కిరాయి ఇచ్చి మోయించడంలో అర్థమేమున్నదన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచింది.

పన్నులో కూడా ఇటువంటి వింతే నడిచింది. 2010లో టన్నుకు 50 రూపాయలుగా మొదలైన సెస్సు 2016 నాటికి 400 అయింది. మేలురకానికీ నాసిరకానికీ ఒకటే 400. వేడి లెక్కన చూస్తే నాసి బొగ్గు మీదనే ఎక్కువ భారం పడేది. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ సెస్సు పోయి, జీఎస్టీ 5 నుండి 18 శాతానికి పెరిగింది. ధరను బట్టి పన్ను కనుక ఇప్పుడు తక్కువ ధర బొగ్గుకు తక్కువ పన్ను.

శక్తినగర్ మిల్లులో

ఈ ప్రాంతానికి తెలిసిన పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం రాయచూరు దగ్గరి శక్తినగర్‌లో, కృష్ణ ఒడ్డున ఉన్నది. నది అవతల తెలుగు నేల. 1985లో మొదటి యూనిట్ నడిచిన ఈ కేంద్రపు స్థాపిత సామర్థ్యం ఎనిమిది యూనిట్లతో 1720 మెగావాట్లు. సింగరేణి బొగ్గుతోబాటు ఒడిశా, మహారాష్ట్రల గనుల బొగ్గు కూడా ఇక్కడికి వచ్చింది. వేర్వేరు గనుల బొగ్గును తగు పాళ్ళలో కలపడం కూడా నాణ్యతను దిద్దే పద్ధతే. బాయిలరు ఒక స్థాయి బొగ్గుకు అని కట్టినది; అటు ఇటు ఊగితే నిప్పు నిలకడగా ఉండదు.

కేంద్రంలో బొగ్గును మొదట రేగుపండంత ముక్కలుగా, పిమ్మట మిల్లులో సన్నని పొడిగా విసిరి గాలితోబాటు బాయిలరులోకి ఊదుతారు. రాతిలోని క్వార్ట్జు మిల్లు రోళ్ళను అరగదీస్తుంది, గొట్టాలను ఒరుస్తుంది. విసరిన కరెంటు కొంత, వాయువులోని బూడిదను పట్టడానికి కొంత కేంద్రమే తినివేస్తుంది.

ఇంటి లెక్కలోకి వద్దాము. ఒక కుటుంబం నెలకు 100 యూనిట్లు వాడుతున్నదని, ఆ కరెంటు పూర్తిగా బొగ్గు నుండే వచ్చిందని, యూనిట్‌కు బాయిలరులో 2500 కిలో కేలరీలు కావాలని అనుకొందాము. కిలోకు 4400 కిలో కేలరీలు, 35 శాతం బూడిద ఉన్న బొగ్గు అయితే 57 కిలోలు కాలాలి, 20 కిలోల బూడిద మిగులుతుంది. 3600 కిలో కేలరీలు, 43 శాతం బూడిద ఉన్నదైతే 69 కిలోలు కాలాలి, 30 కిలోల బూడిద మిగులుతుంది. బొగ్గు అయిదవ వంతు పెరిగితే బూడిద సగానికి సగం పెరిగింది. పెరిగిన బొగ్గుకు ధర, రైలు కిరాయి, బూడిద మోయడానికి ఖర్చు అన్నీ కలసి కరెంటు బిల్లులో ఇంధన సర్దుబాటు అనే పద్దు కింద కొంత ఆలస్యంగా దిగుతాయి. సరిహద్దుకు ఇటు జెస్కాం బిల్లు అయినా, అటు తెలంగాణ బిల్లు అయినా సూత్రం ఒకటే. ఆ పద్దు పెరగడానికి కారణాలు అనేకం ఉన్నాయి, వాటిలో బొగ్గు నాణ్యత ఒకటి.

బూడిద ఎక్కడికి పోతుంది

బాయిలరు బూడిదలో సుమారు 80 శాతం గాలిలో తేలే సన్నని పొడి, తక్కినది అడుగున పడే గరుకు. ఆ సన్నపొడి సిమెంటుకు పనికి వస్తుంది. బస్తా మీద పీపీసీ అని ఉంటే, బూడిదతో చేసిన ఆ రకం సిమెంటులో 15 నుండి 35 శాతం వరకు ఆ పొడి కలపడానికి ప్రమాణం అనుమతిస్తున్నది. దానిని కల్తీ అనుకోరాదు. నెమ్మదిగా గట్టిపడినా కాలం గడిచేకొద్దీ బలపడుతుంది. నీరు పెట్టడం మాత్రం ఎక్కువ రోజులు సాగాలి. పల్లెలలో స్లాబులు బీటలు వారడానికి సిమెంటును తిట్టేవారు నీరు పెట్టిన దినాలను లెక్కించరు.

సిమెంటు తయారీలో బొగ్గుకు మరొక విచిత్రమైన పాత్ర ఉన్నది. వాడి, సేడం, మల్ఖేడ్, తాండూరు ప్రాంతాలలో సున్నపురాయి దొరుకుతుంది కనుక అక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. భట్టీలో కాలిన బొగ్గు బూడిదకు బయటకు పోయే దారి లేదు, అది సున్నపురాయితోనే కరిగి క్లింకరులో కలసిపోతుంది. కిలో క్లింకరుకు 800 కిలో కేలరీలు అనుకొంటే, పైన చెప్పిన 4400 బొగ్గు 100 కిలోల క్లింకరుకు 18 కిలోలు కావాలి. దానిలోని 6 కిలోలకు పైగా బూడిద సిమెంటులో భాగమే అవుతుంది. కనుక ఇక్కడ బూడిద ఎంత అన్నదానికన్నా, నేటి బూడిద నిన్నటిలాగే ఉన్నదా అన్నది ముఖ్యం. ముందుగా తెలిస్తే రాతిపొడి పాళ్ళు మార్చుకొంటారు. తెలియకుండా మారితే సిమెంటు గుణం మారుతుంది.

ఉక్కు కథ వేరు. దానికి కావలసిన కోకింగ్ బొగ్గు సింగరేణిలో లేదు. విశాఖ ఉక్కు కర్మాగారం ఆ రకాన్ని ప్రధానంగా విదేశాల నుండి తెప్పించుకొంటుంది.

బట్టీ దగ్గర కొనేవారికి

గ్రామంలో బొగ్గును నేరుగా కొనేది ఇటుక బట్టీవారే. చేతులు మారి మారి వచ్చిన ఈ బొగ్గుకు గని కాగితంలోని గ్రేడు అండగా నిలవదు, ఎందుకంటే దారిలో ఏ కుప్పలో ఏది కలసిందో కాగితం చెప్పదు. ధరను టన్నులలో కాక వేడిలో చూడడం మొదటి జాగ్రత్త. లెక్క కోసం, 4400 కిలో కేలరీల బొగ్గు టన్ను 6000 రూపాయలు, 3600 బొగ్గు టన్ను 5200 రూపాయలు అనుకొందాము. వెయ్యి కిలో కేలరీలకు మొదటిది రూపాయి 36 పైసలు, రెండవది రూపాయి 44 పైసలు పడుతుంది. చవక అనుకొన్న లారీయే ఖరీదైనది. వానాకాలంలో తడిసిన లారీ సంగతి చెప్పనక్కరలేదు. 10 టన్నులలో 6 శాతం అదనపు నీరంటే 600 కిలోల నీటిని బొగ్గు ధరకు కొన్నట్లే.

రాయిని గుర్తించడానికి చేయి చాలు. బొగ్గు బరువు అంతే నీటి బరువుకు ఒకటిన్నర రెట్లకు లోపు, షేల్ రాయి రెండింతలకు మించి ఉంటుంది. ఒకే సైజు ముక్కలు రెండు చేతులలో పట్టుకొంటే తెలిసిపోతుంది. మంచి బొగ్గులో నిగనిగలాడే చారలు ఉంటాయి, విరిస్తే పెళుసుగా విరుగుతుంది. రాయి మసకగా, బూడిదరంగుగా, రేకులుగా ఉంటుంది.

ఇంకొంత నమ్మకం కావాలంటే కాల్చి చూడవచ్చును. లారీలో పైన, నడుమ, అడుగున పది చోట్ల తీసిన బొగ్గును కలిపి దంచి, పైన చెప్పినట్లు నాలుగు భాగాల పద్ధతిలో తగ్గించి, ఎండలో ఆరబెట్టి, 100 గ్రాములు తూచాలి. ఇనుప పెనం మీద పలుచగా పరచి, ఆరుబయట గట్టి నిప్పు మీద నలుపు పూర్తిగా పోయేదాకా కలుపుతూ కాల్చాలి. మూసిన గదిలో ఈ పని చేయరాదు. బొగ్గు విషవాయువుకు వాసన లేదు, బొగ్గు కుంపటిని గదిలో పెట్టి తలుపులు వేసుకొని నిద్రించినవారు తెల్లవారి లేవకపోవడానికి కారణం అదే. చల్లారిన తరువాత మిగిలినదాన్ని తూచితే ఎన్ని గ్రాములో సుమారుగా అంత శాతం బూడిద. ప్రయోగశాల లెక్కకు ఇది సరితూగదు గాని రెండు లారీలను పోల్చడానికి సరిపోతుంది. 35, 40 మధ్య వస్తే ఈ బొగ్గుకు అది మామూలే. సగానికి సగం మిగిలితే బొగ్గుతో రాయి వచ్చినట్లు లెక్క, బేరం మళ్ళీ మొదలుపెట్టవచ్చును. పెనం మీద బూడిద మెత్తగా రాలక గడ్డకట్టి చిట్టెంలా మిగిలితే, బట్టీ లోపల కూడా అలాగే గడ్డకట్టి ఇటుకల నడుమ గాలిదారులను మూసివేస్తుంది. అప్పుడు ఒక పక్క ఇటుకలు కరిగి అంటుకొంటాయి, మరొక పక్కవి పచ్చిగా మిగులుతాయి.